వంద రాత్రుల పరుపు

మార్చి 2, సోమవారం

ఈ పుస్తకం పరుపుతో పాటు ఊరికే వచ్చింది. ప్రతి పేజీలో నాలుగు గళ్ళు: ఎన్ని గంటలు పడుకున్నారు, ఏ పక్కకు పడుకున్నారు, నొప్పి పదికి ఎంత, మనసు ఎలా ఉంది. మనసు గడిలో మూడు ముఖాలు గీసి ఉన్నాయి. నవ్వేది, ఏడ్చేది, మధ్యలో ఊరికే ఉండేది. ఒకదాని చుట్టూ సున్నా చుట్టాలి. ఫిన్లండ్‌లోని మా ఉత్తర సావో జిల్లాలో పుట్టినవాళ్ళకు మధ్యది చాలు, మిగతా రెండూ అచ్చు వేయడం కాగితం దండగ.

వంద రాత్రులు పడుకుని చూసి, నచ్చకపోతే తిరిగి ఇవ్వొచ్చట. రోజూ రాసి, ఆ పుస్తకం తెచ్చి చూపించాలట. గళ్ళు నింపుతాను. గళ్ళ కింద చాలా ఖాళీ ఉంది, అక్కడ రాసేది మాత్రం కొట్టువాడి కోసం కాదు. అడిగితే పుస్తకం ఆవు తినేసిందంటాను.

5 గంటలు. ఎడమ. 7. మధ్య ముఖం.

మార్చి 3

కొట్టువాడు ఇంకా నన్ను తలుచుకుంటూనే ఉంటాడు. మెడకు టై కట్టుకున్న కుర్రాడు. "మీరు పక్కకు పడుకునే మనిషి కదా. మీకు భుజం దగ్గర దిగబడాలి, నడుము దగ్గర దిగబడకూడదు" అన్నాడు. మా ఆవులకూ అంతే అన్నాను. మర్యాదగా నవ్వాడు.

పోయిన శరదృతువులో మా ఆయన రైమో మా ఇరవై ఎనిమిది ఆవులకూ రబ్బరు పరుపులు వేయించాడు. మూడు వారాలు చదివాడు. ముక్కలు తెప్పించి వంటింట్లో పరిచాడు. సలహా చెప్పే మనిషి వచ్చి, పరుపు మీద ధబేల్మని మోకాళ్ళ మీద పడి చూడండి, మీకు నొప్పి పుడితే ఆవుకూ పుడుతుంది అన్నాడు. రైమో నా వైపు చూశాడు. ఆరు రకాల మీద ఆరుసార్లు పడింది నేను. ఆసామి మోకాళ్ళు ఖరీదైనవి కాబోలు.

పరుపు కొనే పద్ధతి నాకు తెలిసింది అదొక్కటే. కొట్లో మొదటి పరుపు మీద చలికోటుతోనే ధబేల్మని పడ్డాను. కుర్రాడు మంచినీళ్ళు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. రైమో దిండ్ల ధరలు చదువుతూ నిలబడ్డాడు, నన్నెప్పుడూ చూడనట్టు.

చివరికి కొన్నది ఒంటి ఆకారం గుర్తుపెట్టుకునే నురుగు పరుపు. నా ఆకారం గుర్తుపెట్టుకుని దానికి ఒరిగేది ఏమిటో.

5. ఎడమ. 7. మధ్యది.

మార్చి 6

వేడి పళ్ళెం పట్టుకునే గుడ్డ కోసం సొరుగు లాగితే అడుగున కాగితం దొరికింది. పశువుల్ని కొనే కంపెనీది. మా ఆవుల పేర్లన్నీ రైమో చేతిరాతలో వరుసగా ఉన్నాయి. అన్నిటికన్నా చివర హెలునా, పక్కన "ముసలిది" అని. లారీ వచ్చే రోజు జూన్ 10. కింద సంతకాలకు రెండు చోట్లు. ఒకటి నిండింది. రెండోది నాది.

రైమో రై రొట్టె నములుతున్నాడు. ఇదేంటని అడిగాను.

"చెప్పాగా నీకు."

"ఎప్పుడు?"

"కారులో. ఊఁ అన్నావు కూడా."

అని ఉంటాను. ఇంట్లో నోరు విప్పని మనిషికి స్టీరింగ్ పట్టుకుంటే మాత్రం పెదాలు కదులుతాయి. నేను ఊఁ అంటూ ఉంటాను. ఏం చెప్పావని మళ్ళీ అడగలేదు.

అడగకుండానే తెలుసు, అమ్మేది నా భుజం గురించే. జూన్ దాకా పొదుగుల జోలికి వెళ్ళొద్దని డాక్టర్ చెప్పింది. అప్పటికీ తగ్గకపోతే కోయాలి, కోస్తే ఆరు నెలలు చెయ్యి మెడకు వేలాడాలి. ముప్పై ఏళ్ళు పాల మిషన్లు ఎత్తినందుకు ఈ నొప్పి అంటుంది. ఆమెకే ఇంకా ముప్పై నిండలేదు. నొప్పి పాత పరుపుది. పొద్దున లేచేటప్పుడే ఎక్కువ ఉంటుందంటే దానికి ఇంకో కారణం ఏముంటుంది?

లెక్క చూశాను. పరుపుకు ఇచ్చిన వంద రోజులు జూన్ 9తో అయిపోతాయి. లారీ మర్నాడు. పరుపు కుదిరితే భుజం కుదురుతుంది, భుజం కుదిరితే ఆ రెండో చోటు ఖాళీగానే ఉంటుంది. కాగితం ఎక్కడిదక్కడే పెట్టేశాను.

మార్చి 7

4. ఎడమ. 7. శనివారం కాబట్టి ఆవిరి గదిలో కాపడం పడింది. రైమో రాళ్ళ మీద నీళ్ళు చల్లాడు, నేను చెమట పట్టాను. దాంపత్యం.

మార్చి 8

7.

మార్చి 9

7. పరుపుకు అలవాటు పడాలట. ముప్ఫై రోజుల లోపు మార్చరు.

మార్చి 12

ఫిన్లండ్ ప్రభుత్వం నా భుజానికి బదులుగా తెర్ట్టుని పంపింది. రైతు జబ్బు పడితే మునిసిపాలిటీ నుంచి వచ్చే మనిషి. యాభై రెండేళ్ళు, ఎద్దు లాంటి మెడ, నోరు దానికి తగ్గట్టే. మొదటి రోజే మా కొట్టంలో చీపురు ఎక్కడుండాలో నాకు చెప్పింది.

నా ఆవులు ఆమెకు పాలు ఎక్కువే ఇచ్చాయి. ఆవులకు సిగ్గుండదు.

"నువ్వు ఇంట్లో కూర్చుని కాఫీ పెట్టు దొరసానమ్మా," అంది. "నీ చెయ్యి చూస్తుంటే ఆవులకే జాలేస్తోంది."

కాఫీ పెట్టాను. తర్వాత కొట్టంలోకి వెళ్ళి నిలబడ్డాను, చీపురు పాత చోటే పెట్టాను.

మార్చి 19

ఆరోగ్య కేంద్రంలో వ్యాయామం చేయించే అమ్మాయి, సాతు. భుజం అటు తిప్పింది, ఇటు తిప్పింది.

ఏ పక్కకు పడుకుంటారని అడిగింది. ఎడమకన్నాను. నొప్పి ఏ భుజమంది. ఎడమన్నాను.

"మరి కుడి పక్కకు తిరిగి పడుకోవచ్చుగా?"

"అలవాటు లేదు."

ఆ మాటలో అబద్ధమేమీ లేదు. ఆమె నా వెనక్కి వెళ్ళింది. కాసేపటికి ముందుకు వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని నా ముఖంలోకి చూసింది.

"వెనక నుంచి మూడుసార్లు పిలిచాను. ఎడమ చెవి వినబడదు కదూ?"

దుమ్ము పడి ఉంటుందన్నాను.

"ఎన్నాళ్ళైంది పడి?"

"ఏడో ఏట. గవదబిళ్ళలప్పుడు."

రాయొద్దన్నాను. రాసుకుంది.

ఇక్కడైతే రాసుకోవచ్చు. కొట్టంలో ఒక పెట్టె, మా పడకగది కిటికీ మీద ఇంకో పెట్టె ఉన్నాయి, చంటిపిల్లల ఏడుపు పక్క గదిలో వినబడటానికని అమ్మేవి. ఆవు ఈనబోతుంటే, గొలుసు మెడకు చుట్టుకుంటే, ఆ పెట్టెలో వినబడుతుంది. రైమో చెవులు ట్రాక్టరు, రంపం కలిసి తినేశాయి. వినాల్సింది నేనే, అదీ ఒక్క కుడి చెవితో. కుడి పక్కకు తిరిగితే ఆ చెవి దిండులోకి పోతుంది. అందుకే ముప్పై నాలుగేళ్ళుగా ఎడమ భుజం మీదే. రైమో గురక కూడా ఆ చెవికే, అది వేరే సంగతి.

రైమోకి ఇది తెలియదు. పెళ్ళికి ముందు చెప్పొద్దని అమ్మ అంది. ఒంటి చెవి కోడలు ఎవరికి కావాలి అంది. తర్వాత చెబుదామంటే తీరిక దొరకలేదు, ముప్పై నాలుగేళ్ళుగా పనిలో ఉన్నాం.

దీనికీ నొప్పికీ సంబంధం లేదు. నొప్పి పరుపుదే.

ఏప్రిల్ 1

ముప్ఫై రోజులు నిండాయి. నురుగు పరుపు చుట్టి, ట్రాలీకి కట్టి పట్నం వెళ్ళాం. డెబ్బై కిలోమీటర్లు రైమో పెదాలు కదిలాయి. మధ్యలో రెండుసార్లు నా వైపు చూశాడు. రెండుసార్లూ ఊఁ అన్నాను. ఒకసారి తల కూడా ఊపాను, కొత్తదనం కోసం.

టై కుర్రాడు పుస్తకం అడిగాడు. ఆవు తినేసిందన్నాను. రెండు క్షణాలు చూసి ఇంకోటి ఇచ్చాడు, ఆవు కోసం.

"ఒక్కరోజైనా కుడి పక్కకు ప్రయత్నించారా అమ్మా?"

"పరుపు మార్చమన్నాను. నన్ను కాదు."

ఈసారి స్ప్రింగులది, పైన మెత్తటి పొర, భుజం దగ్గర ప్రత్యేకంగా దిగబడే భాగం. ఎక్కడ భుజమో తెలియడానికి దారంతో గీత కుట్టి ఉంది. ఎక్కడ పడుకోవాలో తెలియని వాళ్ళుంటారు కాబోలు. వంద రోజుల గడువు పాతదే, కొత్త పరుపుకు కొత్త గడువు ఇవ్వరు.

ఏప్రిల్ 2

6!

ఏప్రిల్ 3

6. చెప్పానా, పరుపేనని.

ఏప్రిల్ 5, ఈస్టర్

7. నిన్న తిన్నది అరగలేదు, దానికి పరుపును అనకూడదు.

ఏప్రిల్ 9

8. వాతావరణం మారుతోంది. చెరువు మీద మంచు నల్లబడింది.

ఏప్రిల్ 11

8. రైమో మెట్లు పక్కకు తిరిగి ఎక్కుతున్నాడు, పీతలాగా. బూట్లు కరుస్తున్నాయట.

ఏప్రిల్ 17

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం కొట్టంలో ఎవరూ లేరు. చివరి గడి ఖాళీగా ఉంది. అందులో ఉండే ఆవు శీతాకాలంలోనే పోయింది. పక్కన హెలునా నెమరు వేస్తోంది. రబ్బరు పరుపు శుభ్రంగా ఉంది, తెర్ట్టు కడిగింది. ఊరికే నడుము వాల్చి చూద్దామనుకున్నాను. మూడు వారాలు చదివి తెచ్చిన పరుపు కదా.

కళ్ళు తెరిచేసరికి తెర్ట్టు నా మీదికి వంగి ఉంది, రెండు చేతుల్లోనూ పాల మిషన్లు.

"దొరసానమ్మా, నిన్ను పితకాలా, వదిలెయ్యాలా?"

రెండున్నర గంటలు నిద్రపోయాను. ఈ ఏడాది అంతలా తెరపి లేకుండా నిద్రపోయింది లేదు. భుజం మూడు, మహా అయితే మూడున్నర.

ఏ పక్కకు పడుకున్నానో చూసుకోలేదు. తెర్ట్టు చూసింది.

"కుడి పక్కకు. నోరు తెరిచి."

కొట్టంలో వినాల్సిన పని లేదు. ఏ ఆవు కదిలినా ఇనప గొట్టం వణుకుతుంది, అది వీపుకు తెలుస్తుంది. కానీ అసలు సంగతి అది కాదు. అసలు సంగతి రబ్బరు. పశువుల పరుపులు చేసేవాళ్ళకు ఉన్న బుద్ధి మనుషుల పరుపులు చేసేవాళ్ళకు లేదు.

ఏప్రిల్ 18

తెర్ట్టు నోరు ఊరుకుంటుందా? పొద్దున కాఫీ దగ్గర రైమోకి అంతా చెప్పింది. నేను గురక పెట్టానని కూడా చెప్పింది, అది అబద్ధం. రైమో లేచాడు. కప్పు కడిగాడు. ఎప్పుడూ కడగడు.

సాయంత్రానికి మిగిలిపోయిన ఆవు పరుపు నా సైజుకు కోసి, మంచం మీద పరిచి ఉంచాడు. పైన ఉతికిన దుప్పటి.

"అది పంతొమ్మిది ఏళ్ళు మన్నుతుందట," అన్నాడు. మా పెళ్ళిలో కూడా ఇంత తియ్యటి మాట అనలేదు.

ఏప్రిల్ 19

3 గంటలు. ఎడమ. 9. ఇల్లంతా కొత్త టైరు వాసన. ఆవు జారకుండా పైన వేసిన గీతలన్నీ పొద్దున నా చెంప మీద ఉన్నాయి. తెర్ట్టు నా ముఖం చూసి, ఏ ట్రాక్టరు తొక్కిందంది.

ఏప్రిల్ 20

రబ్బరు తీసేసి స్ప్రింగుల దాని మీదికి మళ్ళీ వెళ్ళాను. రైమో అడిగితే, బాగుంది గానీ మనిషికి మరీ ఎక్కువ అన్నాను.

మే 1

పండగ. పట్నంలో జనం తెల్లటోపీలు పెట్టుకుని బెలూన్లు పట్టుకుని తిరుగుతుంటారు. మా ఇంట్లో రైమో మంచం తిప్పాడు.

నేను కొట్టం నుంచి వచ్చేసరికి తల ఉండాల్సిన చోట కాళ్ళ వైపు ఉంది. ఒక్కడే నెట్టాడు. గోడకు ఆనుకుని ఆయాసపడుతున్నాడు, రెండు చేతులూ మోకాళ్ళ మీద.

"ముప్పై నాలుగేళ్ళుగా చూస్తున్నా," అన్నాడు. "నువ్వెప్పుడూ కిటికీ వైపే తిరిగి పడుకుంటావు. కొట్టం కనబడాలి నీకు. అందుకని ఎడమ భుజం. ఇప్పుడు కుడి భుజం మీద పడుకో, కిటికీ అటే ఉంటుంది."

ఇంత పొడుగు మాట రైమో ఇంట్లో ఎప్పుడన్నాడో గుర్తు లేదు. బాగా ఆలోచించాడు. లెక్క కూడా సరిగ్గానే ఉంది. ఒక్క చెవి సంగతే అందులో లేదు.

అప్పుడు చెప్పాల్సింది. ముప్పై నాలుగేళ్ళు దాచినదాన్ని మంచం తిప్పిన మనిషి ముఖం మీద ఎలా చెబుతాం?

థాంక్స్ అన్నాను.

మే 2

ఎడమ పక్కకే పడుకున్నాను, గోడ వైపు తిరిగి. పొద్దున రైమో అడిగాడు, గోడలో ఏముందని. రంగు వెలిసిపోయింది, వెయ్యాలి అన్నాను.

8.

మే 9

రైమో గోడకు రంగు వేశాడు. లేత పసుపు. 8.

మే 23, శనివారం

ఆవుల్ని పచ్చిక మీదికి వదిలాం. ఎనిమిది నెలల తర్వాత తలుపు తెరిస్తే ఏం చేస్తాయో చూడ్డానికి ఊరు ఊరంతా వచ్చి కంచె పట్టుకుని నిలబడుతుంది. బన్నులు నేను చేశాను, కాఫీ తెర్ట్టు పోసింది. నిండు చూలు హెలునా కూడా వెనక కాళ్ళు గాల్లోకి విసిరింది. దాని వయసు ఆవు అలా చేయకూడదు. చూసి నేను చేతులెత్తబోయాను, ఎడమది లేవలేదు.

ఒక పెయ్య కంచె దూకి రోడ్డెక్కింది. రైమో గుంజ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. పరిగెత్తింది తెర్ట్టు. ఆసామి హుందాతనం అనుకున్నాను. ఊరివాళ్ళ ముందు పరిగెత్తడం ఆయనకు ఎప్పుడూ ఇష్టం ఉండదు.

రాబోయే శీతాకాలపు దూడలకు పేర్లు ఆలోచించి, కాలెండర్ వెనక రాశాను. రైమో చదివాడు. బయటికి వెళ్ళి చాలాసేపు రాలేదు.

పద్దెనిమిది రోజులున్నాయి.

జూన్ 1

8.

జూన్ 5

8. సాతు కూడా అంది, ఇంతకన్నా మెత్తటి పరుపు ఈ దేశంలో దొరకదని. అయితే పక్క దేశంలో చూడాలి.

జూన్ 8

ఆవుల అమ్మకం కాగితం సొరుగులోంచి వంటింటి బల్ల మీదికి వచ్చింది. పక్కన పెన్ను. కాఫీ కప్పులు దానికి అటూ ఇటూ పెట్టుకున్నాం.

రేపు పరుపు తిరిగి ఇచ్చేసి, మూడోది తెస్తాను. రైతు అనేవాడు ఒక్కరోజు కూడా వదులుకోకూడదు.

జూన్ 9, మంగళవారం. వందో రోజు

పొద్దున ఆరోగ్య కేంద్రంలో రైమోకి రెండు మోకాళ్ళకూ సూదులు వేశారు. బూట్లు కరవడం లేదన్నమాట. ఇవాళ కారు నడపొద్దన్నారు. పరుపు ట్రాలీలో కట్టేసి ఉంది, కొట్టు నాలుగింటికి మూస్తారు. నేను నడిపాను. ఒక చేత్తో నడపొచ్చు, అరవై రెండేళ్ళ మనిషి అనుమతి అడగక్కర్లేదు.

రైమోని ఆ సీట్లో ఎప్పుడూ చూడలేదు. ఆయనకూ కొత్తగానే ఉన్నట్టుంది, తలుపు పిడి గట్టిగా పట్టుకున్నాడు. ఇరవై కిలోమీటర్లు దాటాం. తర్వాత అలవాటు ప్రకారం మొదలుపెట్టాడు. రోడ్డు చూస్తూ, చిన్న గొంతుతో. మా దేశంలో కారు స్టీరింగ్ ఎడమ పక్కన ఉంటుంది, కాబట్టి ఈసారి నా కుడి పక్కన కూర్చున్నాడు. ప్రతి మాటా వినబడింది.

"రేపు లారీ వస్తుంది. నువ్వు సంతకం పెట్టలేదు," అన్నాడు. "ఇష్టం లేకపోతే లేదను. రెండేళ్ళ నుంచి అడుగుతున్నా. ఊఁ అంటావు. ఇంటికెళ్ళాక కొత్త దూడలకు పేర్లు రాస్తావు."

నేను రోడ్డు చూశాను.

"నా మోకాళ్ళు అయిపోయాయి, ఐలా. పొద్దున కొట్టం తలుపు దాకా వెళ్ళి అక్కడ నిలబడతా, గడప దాటాలా వద్దా అని. మొన్న పెయ్య దూకితే గుంజ వదిలితే పడిపోతానని పట్టుకున్నా. పోయినేడు అడిగాను కూడా, అమ్మేద్దామా, లేకపోతే రబ్బరు పరుపులు వేయించి ఇంకో ఏడాది లాగుదామా అని. ఊఁ అన్నావు. దేనికన్నావో తెలీక పరుపులు వేయించా."

"భుజం కోసం కాదా?" అన్నాను.

"ఏ భుజం?"

"నాది. నా భుజం పోయిందని కదా అమ్ముతున్నావు."

"నీ భుజానికి తెర్ట్టు వచ్చిందిగా," అన్నాడు. "నా మోకాళ్ళకు ఎవరొస్తారు?"

కలప దుంగలు పేర్చిన చోట రోడ్డు పక్కకు తీసి ఆపాను. ఇంజను ఆపేశాను. ఇంజను ఆపితే తప్ప చెప్పలేని మాట.

"నాకు ఎడమ చెవి వినబడదు."

"ఎప్పట్నుంచి?"

"ఏడో ఏట నుంచి."

రైమో ముందు అద్దంలోంచి దుంగల్ని చూశాడు. లెక్క పెడుతున్నాడేమో అనిపించింది. తర్వాత నా సీటు చూశాడు, తన సీటు చూశాడు.

"నేను నడిపేటప్పుడు నీకు ఎడమ పక్కన ఉంటా."

"ఊఁ."

"కారులో చెప్పినవి..."

"ఒక్కటీ వినలేదు."

ఒక కలప లారీ మమ్మల్ని దాటి వెళ్ళింది.

"పెళ్ళి సంగతి కారులోనే అడిగాను," అన్నాడు.

"రెండు రోజుల తర్వాత మీ అమ్మ నా వేలి కొలత అడిగితే తెలిసింది."

"తెలిశాకైనా కాదనొచ్చుగా."

"అప్పటికి కేకు చెప్పేశారు."

రైమో ముక్కుతో ఒక శబ్దం చేశాడు. మా జిల్లాలో దాన్ని నవ్వంటారు. ఆపలేకపోయాడు. సూదులు వేసిన మోకాళ్ళు పట్టుకుని, కిటికీ వైపు తిరిగి, భుజాలు కదిలిస్తూ ఉన్నాడు. చివర్లో అది నవ్వో కాదో నాకు తెలియలేదు. చూడలేదు కూడా.

తర్వాత అడిగాడు, మరి గోడ వైపు ఎందుకు పడుకున్నావని. చెప్పాను, కిటికీ మీది పెట్టె, కుడి చెవి, ఆవులు, అన్నీ. విని, రంగు దండగ అన్నాడు.

పట్నం ఇంకా ముప్పై కిలోమీటర్లుంది. కారు వెనక్కి తిప్పాను, పరుపు ట్రాలీలోనే ఉంది.

జూన్ 10

పొద్దున కాఫీతో సంతకం పెట్టాను. భుజానికేం కాలేదు, కుడి చేత్తో పెట్టేదే.

లారీ తొమ్మిదింటికి వచ్చింది. ఒక్కొక్కదాన్నీ పేరు పిలిచి ఎక్కించాను. పిలిస్తే వస్తాయి, అదే వాటి తప్పు. హెలునాని డ్రైవరు ఎక్కించుకోలేదు. ఈనడానికి నెల లోపు ఉన్న ఆవును లారీలో తీసుకెళ్ళకూడదట. అది చెరువు గట్టున నిలబడి మేస్తూ మమ్మల్ని చూసింది.

తెర్ట్టు చీపురు తను పెట్టాలనుకున్న చోటే పెట్టి వెళ్ళిపోయింది. నేను దాన్ని కదపలేదు.

జూన్ 12

పరుపు కొట్టు నుంచి ఫోన్ వచ్చింది, గడువు దాటింది, పరుపు నచ్చిందా అని. మా ఇద్దరికీ ఒకరికొకరం నచ్చలేదు, అయినా ఉంటుంది, చాలామంది అలాగే ఉంటారు అన్నాను.

జూన్ 15

ఎడమ. 7. ఇంకా హెలునా ఉంది కదా.

జూన్ 21

ఎడమ. 7. నిన్న నడివేసవి పండగ. పొరుగువాళ్ళ ఒడ్డున మంట వేశారు. రైమో అటు నడిచి వచ్చాడు, మెల్లగా. పాలు పితికే వేళ అని ఎవరూ లేవలేదు. నేను మాత్రం పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, అయిదింటికి లేచాను.

జూన్ 26

నిన్న సాయంత్రం రైమో కిటికీ మీది పెట్టె తీగ పీకేశాడు.

"హెలునా చెరువు గట్టున ఉంది. రెండో పెట్టె ఖాళీ కొట్టంలో ఉంది. దేన్ని వింటున్నావు?"

దిండు సర్దుకున్నాను.

కుడి పక్కకు తిరిగాను. చెవి దిండులోకి పోయింది. ముందు గురక పోయింది, తర్వాత గడియారం, తర్వాత ఇల్లు. ఏడేళ్ళ పిల్లప్పుడు జ్వరంలో కూడా ఇంత నిశ్శబ్దం లేదు. ఎవరైనా చచ్చిపోతే నాకు చెప్పేవాళ్ళెవరు అనుకున్నాను. అనుకుంటూ నిద్రపోయాను.

కళ్ళు తెరిచేసరికి ఎండ పసుపు గోడ మీద ఉంది. రైమో మంచం అంచున కూర్చుని ఉన్నాడు. పెదాలు కదులుతున్నాయి. పైకి ఉన్నది ఎడమ చెవి.

ఊఁ అనబోయాను. అలవాటు.

లేచి ఇటు తిరిగి, "ఏంటి, మళ్ళీ చెప్పు" అన్నాను.

"హెలునా ఈనింది," అన్నాడు. "పెయ్యదూడ. నేను వెళ్ళేసరికే నిలబడి పాలు తాగుతోంది."

ఎవరూ వినకుండానే ఈనింది. ఎవరో వింటున్నారని ముప్పై నాలుగేళ్ళలో ఆవులకెవరూ చెప్పినట్టు లేదు.

జున్ను పొయ్యిలో పెట్టాను. రైమోని దూడకు పేరు పెట్టమన్నాను. ఆలోచిస్తానన్నాడు, కారులో చెబుతాడట.

8 గంటలు. కుడి. 4. ముఖం మధ్యదే. కానీ సున్నా కొంచెం పెద్దగా చుట్టాను, పక్కదాన్ని కూడా తాకింది. ఏ పక్కదాన్నో కొట్టువాడికి అనవసరం.